ప్రేమకు ముందు మర్యాద: యద్దనపూడి సులోచనారాణి స్మారకోపన్యాసం



యద్దనపూడి సులోచనారాణి గారిని తలుచుకునే ప్రతిచోటా మనకు రెండే మాటలు వినపడతాయి. అభిమానులు ‘నవలాదేశపు రాణి’ అంటారు. కోపమున్న విమర్శకులు ‘కలలమ్మింది’ అంటారు. ఆ మెచ్చుకోలూ ఈ తిట్టూ ఒకచోటే ఆగిపోతాయి, ఆమె ఎంతమంది చేత చదివించింది అన్నదగ్గర. ఎలా రాసింది అన్న సంగతి ఇద్దరికీ పట్టలేదు. ఆరడుగుల అందగాడు, పడవంత కారు, పెద్ద బంగళా, పేదింటి పిల్ల, ఈ నాలుగూ ఉంటే యద్దనపూడి నవల అయిపోతుందనుకున్నారు. ఆ నాలుగూ కలిపి రాసినవాళ్ళు ఆ కాలంలో చాలామందే ఉన్నారు. ఆడపేరు పెట్టుకుని రాసిన మగవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది పుస్తకాలు ఇవాళ పాతపుస్తకాల దుకాణాల్లో కూడా దొరకవు. ‘సెక్రటరీ’ మాత్రం అర్ధశతాబ్దం దాటినా అచ్చవుతూనే ఉంది. దానికి కారణం ఆ నాలుగింటిలోనూ లేదని నా నమ్మకం. ఆమె ప్రేమకథలో ప్రేమకంటే ముందు తేలాల్సిన సంగతి ఒకటుంటుంది. ఈ మనిషి నన్ను మర్యాదగా చూస్తున్నాడా, లేదా? అది తేలేదాకా ఆమె నాయిక మనసు ఇచ్చినా చెయ్యి ఇవ్వదు. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది అదొక్కటే.

ఆమె 1940లో కృష్ణా జిల్లా కాజ గ్రామంలో పుట్టారు. కాజ మొవ్వ మండలంలోది. మొవ్వ అనగానే క్షేత్రయ్య గుర్తొస్తాడు, మువ్వగోపాల పదాలు గుర్తొస్తాయి. కూచిపూడి కూడా ఆ మండలంలోనే ఉంది. సత్యభామ జడ ముందుకు వేసుకుని రంగం మీదికి వచ్చే ఊరు అది. ఊళ్ళు పక్కపక్కన ఉన్నంత మాత్రాన విద్య అబ్బుతుందని నేననను. అయితే తెలుగువాళ్ళ శృంగారకథను నడిపించేది నాయిక అభిమానమేనన్న సంగతి నంది తిమ్మన కాలం నుంచీ మనకు తెలుసు. పారిజాతం ఇంకొకరి చేతికి వెళ్ళిందని సత్యభామ అలిగింది. ఆమెకు మేడ ఉంది, రాణి హోదా ఉంది, అలిగినా అన్నానికి లోటు లేదు. సులోచనారాణి నాయికకు ఇవేవీ లేవు. పెళ్ళి కాలేదు, ఆస్తి లేదు, వెనకేసుకొచ్చే పుట్టిల్లు లేదు. నెల జీతం మీద బతకాలి, అలిగితే ఉద్యోగం పోతుంది. అయినా అలుగుతుంది. చిన్న జీతం తెచ్చుకునే పిల్లకు కూడా సత్యభామకున్నంత అభిమానం ఉంటుందని తెలుగు నవలలో అంత గట్టిగా నిలబెట్టింది ఆమే.

ఆ కాలం ఎలాంటిదో ఒకసారి చూడాలి. 1961 జనాభా లెక్కల నాటికి ఆంధ్రప్రదేశ్‌లో చదవడం, రాయడం వచ్చిన ఆడవాళ్ళు నూటికి 12 మంది. అంత కొద్దిమంది చదువరులతో అంత పెద్ద నవలాయుగం ఎలా నడిచిందని కాలేజీలో పాఠం చెప్పే రోజుల్లో పిల్లలు నన్ను అడిగేవాళ్ళు. ఒకరు చదివితే పదిమంది వినేవారు, అదే జవాబు. మధ్యాహ్నం అన్నాలయ్యాక చదువొచ్చిన కోడలో, స్కూలు ఫైనలు దాకా చదివిన ఆడపడుచో వారపత్రిక పట్టుకుని కూచుంటే, చుట్టూ బియ్యంలో రాళ్ళేరుతూ, పిల్లల తలలు దువ్వుతూ మిగతావాళ్ళు వినేవారు. కథ గొంతులోంచి వెళ్ళేది. సులోచనారాణి వాక్యం చిన్నది, సంభాషణ ఎక్కువ, పేరా రెండు మూడు పంక్తులు దాటదు. పైకి చదవడానికి అంతకంటే అనువైన వచనం ఉండదు. తేలికగా రాసిందని తీసిపారేసినవాళ్ళు ఆ వచనం ఎవరి చెవికోసం తయారైందో చూసుకోలేదు.

ఆమె ఒంటరిగా రాలేదు కూడా. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ సినిమా అయింది. రంగనాయకమ్మ, మాదిరెడ్డి సులోచన, వాసిరెడ్డి సీతాదేవి, ద్వివేదుల విశాలాక్షి, లత, ఒక్కొక్కరిదీ ఒక్కో దారి. 1950 నుంచి 1975 దాకా ఉన్న ఆ పాతికేళ్ళ రచయిత్రుల మీద నిడదవోలు మాలతి ఇంగ్లీషులో ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. ఆ వరసలో మిగతావాళ్ళు సంసారం లోపలి గాయాలు రాస్తున్నప్పుడు సులోచనారాణి సంసారానికి ముందుండే గుమ్మం దగ్గర నిలబడ్డారు. పెళ్ళికి ఒప్పుకోవాలా వద్దా అన్న ఆ కొద్ది వ్యవధి ఆమె సొంత రాజ్యం. మన ఆడపిల్లల జీవితంలో అది చాలా చిన్న వ్యవధి. చాలామందికి అసలు దొరకనిది. దాన్ని ఆమె మూడువందల పేజీలకు పొడిగించారు. ఆ పొడిగింపే ఆమె పాఠకురాలికి ఇచ్చిన పెద్ద కానుక అనుకుంటాను.

ఇక పనితనం దగ్గరికి వద్దాం. ఆమె ఏ బల్ల దగ్గర, ఏ వేళప్పుడు రాసేవారో వర్ణించి మిమ్మల్ని మురిపించను. ఆమె పనితనానికి సాక్ష్యం పుస్తకాల్లోనే ఉంది.

ధారావాహిక రాయడం చాలా కష్టమైన విద్య. ముందు అచ్చయిన భాగాన్ని వెనక్కి తీసుకోవడానికి లేదు. నాలుగోవారం నోరుజారిన మాటకు నలభయ్యోవారం కూడా జవాబు చెప్పాలి. పత్రిక ఇచ్చేది కొద్ది పేజీలు. అందులో కథ ఒక అడుగు ముందుకు పడాలి, పోయినవారం పత్రిక అందనివాళ్ళకు మాటల్లోనే పాత సంగతి తెలియాలి, ‘సశేషం’ అన్నచోట మనసు ఆగిపోవాలి. చేతకాని రచయిత అక్కడ ఏ టెలిగ్రామో, ఏ కారు ప్రమాదమో తెచ్చిపెడతాడు. సులోచనారాణి కూడా అవసరానికి తెచ్చారు, కాదనను. కానీ ఆమె మంచి నవలల్లో భాగం ముగిసేది సాధారణంగా ఒక మాట దగ్గర. అతను ఏదో అంటాడు. అందులో చులకన ఉందా, చనువుందా, ఆమెకు తేలదు. పాఠకురాలికీ తేలదు. వారమంతా ఇంట్లో, బావి దగ్గర, బస్సుస్టాపులో ఆ మాట మీదే చర్చ. ‘అలా అన్నాడంటే ఏమిటంటావే?’ అని ఒకావిడ. ‘పొగరు, ఇంకేముంది’ అని ఇంకొకావిడ. కథ సగం పత్రికలో, సగం ఈ వాదనలో జరిగేది.

అపార్థం మీద కథ నడపడం ప్రేమనవలలో మామూలే. తలుపు చాటున సగం మాట విని, సగం ఉత్తరం చదివి అపార్థం చేసుకునే నాయికలను మనం బోలెడంతమందిని చూశాం. ‘సెక్రటరీ’లో నాయిక జయంతి అపార్థం ఆ బాపతు కాదు. ఆమె నాయకుడు రాజశేఖరాన్ని నమ్మకపోవడానికి ఆమె బతుకులోనే కారణం ఉంది. తల్లీతండ్రీ లేని పిల్ల, బామ్మ పెంపకం, చేతిలో చిన్న ఉద్యోగం. ‘వనితా విహార్’ అనే ఆడవాళ్ళ క్లబ్బులో చుట్టూ ఉన్నవాళ్ళు ఆ మనిషి గురించి రకరకాలుగా చెప్పుకోవడం వింటుంది. డబ్బున్నవాడు ఊరికే మంచితనం చూపించడని ఆమెకు లోకం నేర్పింది. అలాంటి పిల్ల ఒక్క చిరునవ్వుకు కరిగిపోతే మనకు ఆమె మీద గౌరవం పోతుంది. కనక ఆమె అనుమానించాలి. అనుమానం ఆమెకు రక్షణ. రచయిత్రి ఈ ఒక్క ముడి సరిగ్గా వేసుకోవడం వల్ల నవల మొత్తం నిలబడింది. జయంతి దూరం జరిగిన ప్రతిసారీ మనకు బాధేస్తుంది, కానీ ఆమెను తప్పుపట్టలేం.

ఇంకో సంగతి గమనించండి. ఉద్యోగం పేరే నవలకు పేరు. 1960ల నడుమ వచ్చిన ప్రేమకథకు మల్లెలో వెన్నెలో పేరు పెట్టకుండా ఉద్యోగం పేరు పెట్టడం మామూలు విషయం కాదు. ఈ ప్రేమ ఆఫీసు బల్లకు అటూ ఇటూ నడుస్తుంది. అటు జీతమిచ్చే మనిషి, ఇటు జీతం తీసుకునే మనిషి. అతను ఆమె కోసం ఏం చేసినా అది దయేమోనన్న శంక వస్తుంది. కారులో దింపుతానంటే అది మర్యాదా, యజమాని చనువా? అడ్వాన్సు ఇస్తే సాయమా, ఎరా? పనిచేసే చోట ఆడదాని ఇబ్బంది గురించి ఇవాళ మనం చట్టాలు చేసుకున్నాం, కమిటీలు వేసుకున్నాం. ఆ మాటలేవీ పుట్టని రోజుల్లో ఒక జనాదరణ నవల ఆ ఇబ్బందినే తన కథకు ఇరుసు చేసుకుంది. ఆఫీసుకు కొత్తగా వెళ్తున్న ఆ తరం అమ్మాయిలు అందులో తమను చూసుకోవడంలో వింతేమీ లేదు.

రాజశేఖరాన్ని చాలామంది అందం కోసం, కారు కోసం గుర్తుపెట్టుకున్నారని అంటారు. నేను అడిగినవాళ్ళు చెప్పింది వేరు. ‘అతను తొందరపెట్టడండీ’ అన్నారు ఒకావిడ. ఎన్ని వ్యాసాలు చదివినా నాకు దొరకని విమర్శ ఆ ఒక్క మాటలో దొరికింది. నవలలో ఎక్కువ భాగం అతని మనసులోకి మనల్ని వెళ్ళనివ్వరు. జయంతి కళ్ళతోనే అతన్ని చూస్తాం. అతను ఏం అనుకుంటున్నాడో చెప్పకుండా, ఏం చేశాడో మాత్రమే చెప్తారు. దాంతో అతని మౌనానికి బరువొచ్చింది. రచయిత్రి అతని ప్రేమను ముందే మన చెవిలో వేసి ఉంటే జయంతి మూర్ఖురాలిగా కనపడేది.

అంతకుముందు మన పాఠకులకు తెలిసిన ప్రేమికుడు ఎవరు? చక్రపాణి, బొందలపాటి శివరామకృష్ణ వంటివారి అనువాదాలతో బెంగాలీ నవలాకారుడు శరత్‌బాబు తెలుగు ఇళ్ళల్లో సొంతమనిషి అయిపోయాడు. 1953లో ‘దేవదాసు’ సినిమా వచ్చి ఆ ముద్రను ఇంకా గట్టిచేసింది. ప్రేమించినవాడు తండ్రికి ఎదురుచెప్పలేడు, నిర్ణయం తీసుకోలేడు, తాగుతాడు, చస్తాడు, ఏడుపు మాత్రం ఆడదానికి మిగులుస్తాడు. ఇంకో పక్కన చలం ఉన్నాడు. ‘మైదానం’లో రాజేశ్వరి ప్రేమకోసం ఇల్లూ మొగుడూ అన్నీ వదిలి వెళ్ళిపోయింది. చదివి ఉలిక్కిపడ్డాం, గౌరవించాం. కానీ గుమ్మం దాటే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? సులోచనారాణి పాఠకురాలికి దేవదాసు కన్నీళ్ళూ వద్దు, మైదానమూ వద్దు. ఇల్లు కావాలి, ఆ ఇంట్లో తన మాటకు విలువ కావాలి. విప్లవం కాదంటారా, సరే. కానీ ఆ రెండూ కలిపి అడగడం ఆ రోజుల్లో చిన్న కోరికేమీ కాదు. 1953లో దేవదాసుగా తాగి చచ్చిపోయిన అక్కినేనే 1976లో కె.ఎస్. ప్రకాశరావు దర్శకత్వంలో, రామానాయుడు తీసిన సినిమాలో రాజశేఖరంగా వాణిశ్రీ ఎదుట నిలబడ్డారు. ఆ ఇరవై మూడేళ్ళల్లో తెలుగు ఆడపిల్ల మనసులో ప్రేమికుడు ఎంత మారాడో చూడటానికి ఆ ఇద్దరు కథానాయకులనూ పక్కపక్కన పెడితే చాలు.

సినిమా అన్నాను కనక ‘జీవన తరంగాలు’ గురించి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. 1973లో తాతినేని రామారావు దర్శకత్వంలో వచ్చింది. ఇల్లు వదిలిపోయి దొంగగా మారిన కొడుకు, పోలీసులకు దొరక్కుండా ఉండటానికి దారినపోయే శవయాత్రలో కలిసి పాడెకు భుజం పడతాడు. ఆ పాడె మీద ఉన్నది అతని కన్నతల్లి. అతనికి తెలియదు. ఆత్రేయ పాట, ఘంటసాల గొంతు ఆ దృశ్యాన్ని జనం గుండెల్లో అచ్చువేశాయి. ఆ సన్నివేశానికి పునాది మాత్రం కథలోనే ఉంది. తల్లి రుణం తీర్చుకోవాల్సిన కొడుకు, తీర్చుకుంటున్నానని తెలియకుండానే తీర్చుకుంటున్నాడు. ప్రేమకథలు తప్ప ఇంకేమీ రాయలేదని ఆమెను ఎవరైనా అంటే ఈ ఒక్క సన్నివేశం చూపించండి.

‘మీనా’ సంగతి వేరు. అక్కడ డబ్బు నాయిక వైపు ఉంది. అధికారం తల్లి చేతిలో ఉంది. పట్నంలో పెరిగిన పిల్ల తండ్రి వైపు చుట్టాల పల్లెకు వెళ్ళి, అక్కడ కృష్ణ అనే రైతు బావను చూస్తుంది. మర్యాద పరీక్ష ఇప్పుడు తిరగబడింది. ఆమె అతని మట్టిచేతులను మర్యాదగా చూడగలదా? 1973లోనే విజయనిర్మల ఈ నవలను సినిమాగా తీశారు. తెలుగులో ఆమె దర్శకత్వం వహించిన మొదటి సినిమా అదే. ఆడది రాసిన కథను ఆడదే తీయడం ఆ రోజుల్లో ఎంత అరుదో మీకు తెలుసు. 2016లో ‘అ ఆ’ సినిమా వచ్చినప్పుడు ‘మీనా’ చదివినవాళ్ళు హాల్లోనే గుర్తుపట్టారు. నలభై ఏళ్ళు దాటినా కథ మాసిపోలేదు.

ఆమెలో లోపాలు లేవా? ఉన్నాయి, ఈ సభలోనే చెప్పాలి. సమస్య ఎంత లోతుగా ఎత్తుకున్నా చివరికి నాయకుడి డబ్బు దాన్ని తీర్చేస్తుంది. జయంతి పడ్డ అభిమాన సంఘర్షణకు జవాబు ఆమె ఉద్యోగంలో దొరకలేదు, పెళ్ళిలో దొరికింది. కులం ఊసు చాలా నవలల్లో రాదు. మన ఊళ్ళల్లో ఏ పెళ్ళి కులం లేకుండా తేలిందో నాకు తెలియదు. ఫ్యాషన్‌గా తయారై, నలుగురు మగవాళ్ళతో మాట్లాడే స్త్రీని చాలాసార్లు చెడ్డదాన్ని చేశారు. ఇది నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఎందుకంటే ఆడపిల్ల అభిమానాన్ని అంతగా అర్థంచేసుకున్న రచయిత్రి, ఇంకో రకం ఆడపిల్లకు ఆ అభిమానం ఉండదని ఎలా అనుకున్నారు? పోనుపోను కథల్లో పాత చట్రమే తిరిగి తిరిగి వచ్చింది. పత్రికలు అడిగేవి, ప్రచురణకర్తలు అడిగేవారు, పాఠకులూ అదే అడిగేవారు. ‘మళ్ళీ సెక్రటరీలాంటిది రాయండి’ అన్న కోరిక రచయితకు ఆదరణే అయినా, కొత్తగా రాసే దారిని అదే మూసేస్తుంది.

అయినా ఆమె బతుకును ఒక కోణంలో నేను ఎప్పటికీ గౌరవిస్తాను. ఆమె రచననే వృత్తిగా చేసుకున్నారు. మన సాహిత్య చరిత్రలో కలం మీద బతికిన మగవాళ్ళనే వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. పెళ్ళయి, హైదరాబాదులో సంసారం చేసుకుంటూ, ఇంటిపని ఎవరూ పంచుకోని తరంలో, అచ్చుకు వెళ్ళే రోజుకు ఠంచనుగా కాగితాలు అందించడం సామాన్యమైన క్రమశిక్షణ కాదు. ‘ఆరాధన’, ‘విజేత’, ‘అగ్నిపూలు’, ‘ప్రేమలేఖలు’, ‘గిరిజా కల్యాణం’, ‘కీర్తికిరీటాలు’, ఇలా చెప్పుకుంటూపోతే జాబితాకే పూట గడుస్తుంది. ‘విజేత’ను ఆదుర్తి సుబ్బారావు 1972లో ‘విచిత్ర బంధం’గా తీశారు. 1980ల్లో యండమూరి వచ్చి, క్షుద్రవిద్యలూ ఉత్కంఠా పత్రికలను ఏలుతున్న రోజుల్లో కూడా ఆమె పాఠకులు ఆమెను వదల్లేదు. టీవీ వచ్చాక ఆమె కథలు అక్కడికీ వెళ్ళాయి. 2018 మే నెలలో కాలిఫోర్నియాలోని కూపర్టినోలో ఆమె కన్నుమూశారు. ఆ వార్త తెలిసి ఎన్ని ఇళ్ళల్లో పెద్దవాళ్ళు కంటతడి పెట్టారో మనందరం చూశాం.

చివరగా మిమ్మల్ని ఒకటి అడగాలి. ఈ నవలలు పుస్తకాలు కాకముందు పత్రికల్లో వచ్చాయి. వారం వారం ఆ పేజీలు చింపి, దాచి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు కాగితం అట్టవేసి బైండు చేసుకున్న ఆడవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. అలాంటి బైండు ఒకటి ఈమధ్య నా చేతికొచ్చింది. పేజీ వెనక పక్క ఇంకెవరిదో సీరియల్ సగం, తలనూనె ప్రకటన సగం. నడుమ ఒక వారం లేదు. అక్కడ నోటుబుక్కు కాగితం కుట్టి, ఆ వారం జరిగిన కథను ఎవరో ఇంకుపెన్నుతో తమ మాటల్లో రాసిపెట్టారు. విన్నది విన్నట్టు, రెండు పేజీలు. సులోచనారాణిని జనం ఎలా చదివారో ఆ రెండు పేజీలు చెప్పినంత ఏ పరిశోధనా చెప్పదు. రచయిత్రి పుస్తకం వేసేటప్పుడు ఏం మార్చారు, ఏం కొట్టేశారు, ఏ వారం ఎక్కడ ఆపారు అన్నది తెలియాలన్నా ఆ పత్రిక పేజీలే ఆధారం. కథకు శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు గారు తన పూనికతో దాన్ని నిలబెట్టారు. నవలకు అలాంటి ఇల్లు ఉన్నట్టు నాకు తెలియదు. వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వంటి చోట్ల పాత పత్రికలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఇలా చేతితో కుట్టిన బైండ్లు దొరకడం అరుదు. మీ ఇంటి అటక మీద, అమ్మమ్మ ట్రంకు పెట్టెలో అలాంటిది ఉంటే పాత కాగితాలవాడికి తూకానికి వెయ్యకండి. దగ్గర్లోని గ్రంథాలయానికి ఇవ్వండి. వాళ్ళు తీసుకోకపోతే ఒక్కో పేజీ ఫోటో తీసి దాచండి. కుట్టినవారి పేరు, ఊరు, తెలిస్తే ఏడాది, మొదటి పేజీ మీద రాసిపెట్టండి.